వచ్చినవాళ్ల లెక్క, రానివాళ్ల లెక్క

కొన్నేళ్ల కిందట మా జిల్లా కేంద్రంలో గృహహింస మీద ఒక సమావేశం జరిగింది. అధికారులు, పోలీసులు, మాలాంటి సంస్థలవాళ్లు అందరూ వచ్చారు. మా సంస్థ తరఫున నేనొక నివేదిక చదివాను. మూడు మండలాల్లో మేం చేసిన సర్వే అది. నూటికి ఇంతమంది స్త్రీలు భర్తల చేతుల్లో దెబ్బలు తింటున్నారని అందులో రాశాం. ఆ అంకె ఇక్కడ మళ్లీ రాయను. దాన్ని ఇంకోసారి చెప్పే హక్కు నాకు లేదని ఆ రోజే తేలిపోయింది.

చదవడం అయ్యాక ఒక అధికారి అడిగాడు: "బాగుందమ్మా. ఈ ఆడవాళ్లని మీరెట్లా ఎంచుకున్నారు?"

"మా సంఘం మీటింగులకి వచ్చినవాళ్లని, మా కౌన్సెలింగ్ కేంద్రానికి వచ్చినవాళ్లని అడిగామండీ" అన్నాను.

"అంటే ఆస్పత్రిలో కూచుని, ఊళ్లో అందరికీ జబ్బులే అన్నట్టన్నమాట" అని ఆయన నవ్వాడు. హాలంతా నవ్వింది. నాతో వచ్చిన కార్యకర్తలు కూడా ఇద్దరు ముగ్గురు తలలు వంచుకుని నవ్వారు. ఆ తర్వాత టీ వచ్చింది. జిల్లాకి రక్షణాధికారులు ఎంతమంది కావాలి, ఆశ్రయం కోరే స్త్రీలు రాత్రిపూట ఎక్కడ ఉండాలి అని మేం అడగదల్చుకున్నవి ఆ టీ గ్లాసుల చప్పుడులో కలిసిపోయాయి.

చాలా రోజులు ఆయన్ని తిట్టుకున్నాను. కనిపించిన ప్రతివాళ్లతో చెప్పి తిట్టించాను కూడా. కానీ ఆయన నవ్వు తప్పు, ప్రశ్న తప్పు కాదు. ఈ రెంటినీ విడదీసి చూడడానికి నాకు ఏడాది పట్టింది. ఈ వ్యాసం ఆయనతో తగాదా కాదు, మనతోనే. సర్వేలు చేసే, నివేదికలు రాసే, ఆ అంకెల్ని కరపత్రాల్లో వేసే మన సంఘాలతో.

మనం సర్వే అని దేన్నంటున్నాం? నిధులిచ్చే సంస్థ పంపిన ఫారంలో "శాంపిల్ ఎంత?" అని ఒక గడి ఉంటుంది. అందులో వంద అని రాస్తాం. మార్చిలోగా వంద ఫారాలు నిండాలి కాబట్టి బస్సు దిగిన చోట మొదలుపెడతాం. రోడ్డు పక్కన ఇళ్లు, అంగన్‌వాడీ టీచరు చూపించిన ఇళ్లు, మనల్ని చూసి కుర్చీ వేసే ఇళ్లు. మధ్యాహ్నం వెళ్తాం. కూలికి పోయినవాళ్లు అప్పటికి ఇంటికి రారు. ఊరవతల వాడకి వెళ్లేసరికి ఆఖరి బస్సు వేళ అవుతుంది. రాబర్ట్ చాంబర్స్ అనే ఆయన 1983లోనే దీని గురించి పుస్తకంలో రాశాడు, బయటినుంచి వచ్చేవాళ్లకి పేదరికం తారురోడ్డు పొడుగునా ఉన్నంతవరకే కనిపిస్తుందని. చదివి తలలూపాం. మళ్లీ అదే బస్సు ఎక్కాం.

పైగా నివేదికలో "యాదృచ్ఛికంగా ఎంచుకున్నాం" అని రాస్తాం. ఎవరు కనిపిస్తే వాళ్లని అడగడం యాదృచ్ఛికం కాదు. కనిపించడం అనేదే కొందరి భాగ్యం. యాదృచ్ఛికం అంటే, ఊళ్లో ఉన్న ప్రతి స్త్రీకీ మన ప్రశ్న తన గుమ్మంలోకి వచ్చే అవకాశం ఉండాలి, ఆ అవకాశం ఎంతో మనకి ముందే తెలిసి ఉండాలి. ఎవరి ఇంటికి వెళ్లాలో చీటీ చెప్పాలి. మన కాళ్లు, మన మొహమాటం, మన కులం చెప్పకూడదు.

అన్నం ఉడికిందో లేదో ఒక్క మెతుకు పట్టి చూస్తే చాలంటారు. మన సర్వేలన్నింటి వెనకా ఈ సామెతే ఉంది. ఇంట్లో గిన్నెడు అన్నానికి అది సరిపోతుంది. పెళ్లిలో కట్టెల పొయ్యి మీద గుండిగలో వండేవాళ్లని అడగండి. అడుగున మాడుతుంది, మధ్యలో ఉడుకుతుంది, పైన బియ్యం పలుకుగానే ఉంటుంది. అందుకే వాళ్లు గరిటెతో కింద నుంచి పైకి కలిపి, అప్పుడు పట్టి చూస్తారు. మన ఊరు సమంగా ఉడికిన గిన్నె కాదు. కులం వారీగా, వాడ వారీగా ఒక్కో పొర ఒక్కో మంట మీద ఉంది. పైపొరలో మెతుకు పట్టి ఊరంతా ఉడికిందనడం మనకి అన్యాయంగా కనిపించాలి. కనిపించడం లేదు.

ఇక చింతగింజల సంగతి చెప్తాను. ఆ సమావేశం అయిన మరుసటి ఏడాది, లెక్కలు చెప్పే ఒక కాలేజీ మేడం మా కార్యకర్తలకి రెండు రోజులు శిక్షణ ఇచ్చారు. ఇరవై అయిదుమందిమి ఉన్నాం. పదో తరగతి దాటినవాళ్లు సగం కూడా లేరు. ఆవిడ బోర్డు మీద ఒక్క సూత్రం రాయలేదు. వెయ్యి చింతగింజలు తెప్పించి, మూడు వందల గింజల్ని ఒకవైపు రాయి మీద అరగదీయించారు, అష్టాచెమ్మాకి అరగదీసినట్టు. అన్నీ ఒక బిందెలో పోసి కలిపారు. "ఈ బిందె మీ మండలం అనుకోండి. అరిగిన గింజ దెబ్బలు తింటున్న స్త్రీ. నూటికి ముప్పైమంది అని మనకి తెలుసు, కానీ తెలియనట్టు ఉందాం. ఒక్కొక్కరు ఇరవై గింజలు తీసి చెప్పండి" అన్నారు.

మొదట చేత్తో తీశాం. రెండు నిమిషాలకే ఒకామె, "తడిమితే తెలుస్తున్నది మేడం, అరిగింది బల్లపరుపుగ ఉన్నది" అంది. మేడం ఎంత సంతోషపడ్డారో! చెయ్యి తనకి తెలియకుండానే ఎంచుకుంటుందని, చెయ్యి ఎంచుకుంటే ఆ లెక్క గింజలది కాదు చేతిదని అన్నారు. అప్పటినుంచి గరిటె పెట్టాం.

ఒక్కొక్కరు తియ్యడం, అరిగినవి లెక్కపెట్టడం, మళ్లీ బిందెలో వేసి కలపడం. ఒకరికి ఆరు వచ్చాయి. ఒకరికి నాలుగు, ఒకరికి ఎనిమిది, ఒకామెకి రెండే, ఇంకొకామెకి పది. రెండు వచ్చినామె మొహం చిన్నబుచ్చుకుంది, తనేదో తప్పు చేసినట్టు. గోడ మీద కాగితం అంటించి, ఎన్ని గింజలొస్తే ఆ అంకె మీద ఒక బొట్టుబిళ్ల పెట్టమన్నారు. ఇరవై అయిదు బొట్లూ పెట్టాక చూస్తే ఆరు దగ్గర ఎత్తుగా, అటూ ఇటూ పోనుపోను పల్చగా, ఒక గుట్టలా వచ్చింది. నాలుగు నుంచి ఎనిమిది లోపే చాలామంది ఉన్నారు. అంటే నూటికి ఇరవై నుంచి నలభై. ఆ తర్వాత ఎనభై గింజలు తీయించారు. ఈసారి గుట్ట సన్నబడింది. చాలామంది నూటికి పాతిక నుంచి ముప్పై అయిదు మధ్యకి వచ్చేశారు. గింజలు నాలుగు రెట్లు చేస్తే ఎడం సగమైంది.

శాంప్లింగ్ డిస్ట్రిబ్యూషన్ అని పుస్తకాల్లో ఉండేది ఈ బొట్ల గుట్టే. ఒక సర్వే చేసినప్పుడు మన చేతిలో ఉండేది గుట్ట కాదు, ఒక్క బొట్టు. అది గుట్టలో ఎక్కడ పడిందో మనకి కనిపించదు. రెండు గింజలొచ్చినామె తప్పు చెయ్యలేదు, అబద్ధమూ చెప్పలేదు. కానీ ఆమె ఒక్కతే సర్వే చేసి ఉంటే, నూటికి పదిమందే అని నివేదిక వెళ్లేది. అందుకే అంకె పక్కన "ఇంత అటూ ఇటూ" అని రాయాలి. సరిగ్గా చీటీ వేసి 400 మందిని అడిగితే, అలాంటి సర్వేలు వంద చేస్తే 95 సర్వేల్లో జవాబు నిజానికి అయిదు శాతం అటూ ఇటూ లోపే ఉంటుంది. మండలంలో 20 వేలమంది స్త్రీలున్నా, జిల్లాలో 10 లక్షలున్నా లెక్క దాదాపు ఇదే. బిందె పెద్దదవడం కాదు ముఖ్యం, ఎన్ని గింజలు తీశాం, ఎలా తీశాం అన్నది. ఒక హెచ్చరిక: ఒకే ఊళ్లో 400 మందిని అడగడం, నలభై ఊళ్లలో పదేసిమందిని అడగడం ఒకటి కాదు. ఊళ్లో బెల్టుషాపు ఉంటే దాని దెబ్బ ఆ ఊరి ఇళ్లన్నింటి మీదా పడుతుంది. ఒక ఊరి గింజలు ఒకదాన్నొకటి పోలి ఉంటాయి.

రెండో రోజు మేడం మమ్మల్ని మోసం చేశారు. అరిగిన గింజలన్నీ పైన పోసి, కలపకుండా తియ్యమన్నారు. పైపైన తీస్తే ఇరవైకి ఇరవై అరిగినవే. ఎనభై తీసినా అరిగినవే. ఎక్కువ తీసినకొద్దీ తప్పు మీద మన నమ్మకం పెరిగింది, అంతే. నేను జిల్లా సమావేశంలో చదివింది ఈ లెక్కే అని అప్పుడర్థమైంది.

ఇది మనమొక్కళ్లమే చేసిన తప్పు కాదు. 1936లో అమెరికా అధ్యక్ష ఎన్నికలకి ముందు లిటరరీ డైజెస్ట్ అనే పత్రిక కోటిమందికి పోస్టు పంపింది. టెలిఫోను డైరెక్టరీల నుంచి, కార్లున్నవాళ్ల జాబితాల నుంచి పేర్లు తీసుకుంది. 24 లక్షల దాకా జవాబులొచ్చాయి. లాండన్ గెలుస్తాడంది. ఫోన్లూ కార్లూ లేని జనంలో ఎక్కువమంది రూజ్‌వెల్ట్‌కి ఓటేశారు, నూటికి అరవై పైన ఓట్లతో ఆయన గెలిచాడు. గాలప్ అంతకన్నా ఎంతో చిన్న సర్వేతో ఆ ఫలితాన్ని ముందే చెప్పాడు. "మీ శాంపిల్ చిన్నది" అని మనల్ని కొట్టిపారేసే అధికారులకి ఈ కథ చెప్పండి. చిన్నదవడం నేరం కాదు.

మనకి ఇంకా దగ్గరి కథ షియర్ హైట్‌ది. స్త్రీల మాటల్ని స్త్రీల నోటితోనే వినాలని పట్టుబట్టిన మనిషి ఆమె. ప్రేమల గురించి, పెళ్లిళ్ల గురించి అమెరికాలో స్త్రీల సంఘాల ద్వారా, మరికొన్ని దారుల్లో లక్ష ప్రశ్నాపత్రాలు పంపింది. 4,500 మంది జవాబు రాశారు. 1987లో పుస్తకం వచ్చింది. తమ సంబంధాల్లో మానసికంగా తృప్తి లేదన్నవాళ్లు నూటికి 84 మంది అని అందులో ఉంది. వందలో తొంభై అయిదుమంది జవాబే రాయలేదు కదా, వాళ్ల సంగతేమిటని విమర్శకులు పట్టుకున్నారు. పట్టుకున్నవాళ్లలో స్త్రీల దుఃఖం అంటే పడనివాళ్లు చాలామందే ఉన్నారు, సందేహం లేదు. కానీ ఆ కత్తి వాళ్లకి అందించింది ఆ శాతాలే. ఆ 4,500 మంది రాసిన మాటలు నిజం. వాళ్లు రాసినదాన్ని దేశంలోని స్త్రీలందరి లెక్కగా చెప్పడంతో, వాళ్ల మాటలకి కూడా విలువ లేకుండా పోయింది. ఇప్పటికీ గణాంకశాస్త్రం పాఠాల్లో ఆమెను తప్పుకి ఉదాహరణగా చూపిస్తుంటారు. నాకది చదివినప్పుడల్లా కష్టంగా ఉంటుంది.

మా సంస్థలోనే ఒక పెద్దక్క ఉంది. ఈ గింజల గోలంతా విని, "ఒక్క స్త్రీని కొట్టినా తప్పే కదా, ఇంకా నూటికెంతమందని లెక్కలేమిటి? బాధకి శాతాలుంటాయా?" అంది. సగం ఒప్పుకుంటాను. 1978లో హైదరాబాద్‌లో రమీజాబీ కోసం వీధుల్లోకి వచ్చినవాళ్లు శాంపిల్ ఎంత అని అడగలేదు. అడిగి ఉంటే సిగ్గుపడేవాళ్లం. న్యాయం కావాలంటే ఒక్కరు చాలు. కానీ అక్కా, జిల్లాకి ఎన్ని ఆశ్రయాలు కావాలి, 2005 చట్టం కింద ఎంతమంది రక్షణాధికారులు కావాలి, ఏ మండలంలో ముందు పెట్టాలి అన్నప్పుడు శాతాలు చెప్పేది మనమే. చెప్పడం మొదలుపెట్టాక సరిగ్గా చెప్పాల్సిన బాధ్యత నుంచి బాధ పేరు చెప్పి తప్పించుకోలేం.

అసలు విషయం ఇది కూడా కాదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే తీసి చూడండి. శారీరకంగానో లైంగికంగానో హింసకి గురైన స్త్రీలలో సాయం కోరినవాళ్లు నూటికి 14 మంది. 77 మంది సాయం కోరలేదు, ఎవరికీ చెప్పుకోలేదు. తల్లికీ, చెల్లికీ కూడా. ఆ 14 మందిలోనూ ఎక్కువమంది వెళ్లేది పుట్టింటివాళ్ల దగ్గరికి. మన కేంద్రం గడప తొక్కేవాళ్లు ఏ మూలకి? మన రిజిస్టరులో ఉన్నవాళ్లు ధైర్యం కూడదీసుకున్నవాళ్లు, దారి తెలిసినవాళ్లు, బస్సు చార్జీ దొరికినవాళ్లు. వాళ్లతోనే లెక్క కట్టి, దాన్ని స్త్రీలందరి లెక్క అన్నామంటే, ఎవరికీ చెప్పుకోని ఆ 77 మందినీ మనమూ ఇంకోసారి నోరు మూయించినట్టే. రానివాళ్ల దగ్గరికి వెళ్లడానికి మనకున్న దారి ఆ చీటీయే.

ఆ సర్వే ఈ సంగతులు ఎలా అడిగిందో కూడా మనం నేర్చుకోవాలి. ముందు ఊళ్లని వాటి జనాభాకి తగిన అవకాశమిచ్చి చీటీ వేస్తారు. ఊళ్లో ఇళ్లన్నీ రాసుకుని, సమాన ఎడంలో 22 ఇళ్లు తీస్తారు. హింస గురించిన ప్రశ్నలు కొన్ని ఇళ్లలోనే, ఇంటికి ఒక్క స్త్రీనే, అదీ ఒంటరిగా ఉన్నప్పుడే అడుగుతారు. ఎందుకు ఒక్కరినే? అత్తనీ కోడలినీ ఇద్దరినీ అడిగితే, ఏమడిగారో ఇంట్లో తెలుస్తుంది. తెలిస్తే ఆ రాత్రి ఎవరు దెబ్బలు తింటారో మనకి తెలుసు. మేం చెట్టు కింద పదిమందిని కూచోబెట్టి, "మీ ఆయన కొడతాడా?" అని చేతులెత్తమన్న రోజులు గుర్తొచ్చి ఒళ్లు జలదరించింది. ఇంట్లో ముగ్గురు స్త్రీలుంటే ఒకరికి అవకాశం మూడో వంతే కదా, దానికి సరిపడా లెక్కలో బరువు పెంచుతారు. ఆ సర్వేలో తెలంగాణలో పెళ్లయిన స్త్రీలలో 36.9 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 30 శాతం భర్త చేతిలో హింసకి గురైనట్టు తేలింది. దేశం మొత్తం మీద 29.3.

ఈ సర్వేకీ గుడ్డిచోట్లున్నాయి. హింస ప్రశ్నలు 18 నుంచి 49 ఏళ్ల వాళ్లకే. యాభై దాటిన తల్లిని కొడుకు కొడితే ఇందులోకి రాదు. ఇల్లు అనేది ఉన్నవాళ్లకే సర్వే. హాస్టళ్లలో, పేవ్‌మెంట్ల మీద బతికేవాళ్లు లేరు. ఊళ్లని ఎంచుకున్న జాబితా 2011 జనగణనది. హింస లెక్కలు జిల్లాల వారీగా ఇవ్వరు, ఎందుకంటే ఒక్కో జిల్లాకి తీసిన గింజలు అందుకు చాలవు. చాలనప్పుడు చెప్పకపోవడం నిజాయితీ. ఆ నిజాయితీ మన నివేదికల్లో ఎప్పుడైనా చూశారా?

కిందటేడు అదే అధికారి ఇంకో సమావేశంలో కనిపించాడు. మా జిల్లాలో గృహహింస తక్కువే అన్నాడు. ఆ లెక్క ఎట్లా తీశారండీ అని అడిగాను. పోలీస్ స్టేషన్లలో నమోదైన కేసులట. "అయితే మీరూ ఆస్పత్రిలోనే కూచున్నారు సార్" అన్నాను. ఈసారి ఎవరూ నవ్వలేదు. రక్షణాధికారుల పోస్టుల మీద మాత్రం ఇప్పటికీ జవాబు లేదు. సరైన లెక్క తీసుకెళ్తే వెంటనే వింటారని నేను చెప్పడం లేదు.

మేం మళ్లీ సర్వే మొదలుపెట్టాం. మొదటి ఊళ్లో ఇళ్ల జాబితా రాయడానికే నాలుగు రోజులు పట్టింది. పంచాయతీ జాబితాలో లేని గుడిసెలు ఎన్నో ఉన్నాయి. మొత్తం 640 ఇళ్లు. 40 కావాలి కాబట్టి ప్రతి పదహారో ఇల్లు. ఎక్కడ మొదలుపెట్టాలో ఒకటి నుంచి పదహారు దాకా చీటీలు వేస్తే తొమ్మిది వచ్చింది. తొమ్మిది, ఇరవై అయిదు, నలభై ఒకటి అట్లా. నలభై ఒకటో ఇంటికి తాళం. పక్కింటివాళ్లు పిలుస్తున్నారు, చల్ల ఇస్తామంటున్నారు. వెళ్లకూడదు. తాళం వేసిన ఇల్లు వలస పోయినవాళ్లది, పక్కిల్లు పొలమున్నవాళ్లది. తాళానికి బదులు చల్ల రాసుకుంటే లెక్కలోంచి వలస మాయమైపోతుంది. మూడుసార్లు వెళ్లాం. దొరకలేదు. "దొరకలేదు" అనే రాశాం. అలాంటివి ఎన్నో మొదటి పేజీలోనే వేస్తున్నాం.

డెబ్బై మూడో ఇల్లు, సంఘం వైపు ఎన్నడూ రానివాళ్లది. పెద్ద ఇల్లు. ఇన్నేళ్లుగా మేమే ఆ గేటు తియ్యలేదు. వాళ్లకేం కష్టాలుంటాయని. లోపల ఉన్నామె గంటన్నర మాట్లాడింది. వచ్చేటప్పుడు, ఇన్నాళ్లూ ఎవరికీ ఎందుకు చెప్పలేదమ్మా అని అడిగాను.

"ఎవరడిగిన్రక్కా?" అంది.

సర్వే ఇంకా సగంలోనే ఉంది. నిధులిచ్చినవాళ్లు మార్చిలోగా అయిపోవాలంటున్నారు. ఆలస్యమైతే రెండో విడత ఆపుతామని ఉత్తరం కూడా రాశారు. ఊళ్లు తగ్గిస్తాం గానీ, ఎంచుకున్న ఊళ్లో ఇళ్లు మార్చమని జవాబిచ్చాం. ఊళ్లు తగ్గితే పక్కన రాసే "అటూ ఇటూ" పెరుగుతుంది. అదీ రాస్తాం. మీ సంఘాలు కూడా ఇలాంటి ఉత్తరాలు రాస్తే మాకు కాస్త బలం.

శిక్షణకి కావాలంటే ఆ చింతగింజల బిందె మా ఆఫీసులోనే ఉంది, తీసుకెళ్లండి. అయితే ముందొకసారి లెక్కపెట్టుకోండి. వేసవి సెలవుల్లో పిల్లలు అష్టాచెమ్మాకి పట్టుకెళ్లారు. తీసినవన్నీ అరిగినవే.